వాననీరు, మురుగు, బాట: మూసీ తీరాన నగర నిర్మాణం

నగర నిర్మాణం అనగానే విశాలమైన వీధులు, వంతెనలు, భవనాలు మన మనసుకు తోస్తవి. కాని కంటికి కనబడని నిర్మాణం మరొకటి ఉన్నది. కురిసిన వాన ఎటు పోవలెను, ఇంటిలో వాడిన నీరు ఎటు పోవలెను, జనులు ఎటు రాకపోకలు సాగించవలెను? ఈ మూడు ప్రశ్నలకూ ఒకే నేల మీద, ఒకే వాలులో సమాధానం వెదకవలసి ఉన్నది. ఒకదానిని మరచి మరొకదానిని నిర్మించిన నగరం వానాకాలంలో ఆ మరపునకు మూల్యం చెల్లించక తప్పదు. ఇందుకు హైదరాబాదు నగర చరిత్ర మంచి నిదర్శనం.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరాన్ని ముంచివేసినది. సుమారు 15,000 మంది ప్రాణాలు కోల్పోయినారని అంచనా. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కొమ్మలు పట్టుకొని 150 మంది బ్రతికి బయటపడినారని నేటికీ చెప్పుకొంటారు. ఈ విపత్తు మరల రాకుండ ఉపాయం చెప్పుటకై నిజాం ప్రభుత్వం 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించినది. ఆయన మొదట నగరాన్ని గాక, నగరానికి ఎగువన ఉన్న నేలను పరిశీలించినారు. సుమారు 860 చదరపు మైళ్ళ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉన్నవనీ, వానకు వాటిలో 221 చెరువుల కట్టలు తెగినవనీ తేలినది. పై చెరువు తెగి క్రింది చెరువు మీద పడగా, అన్నిటి నీరూ ఒక్కసారిగా నగరం మీదికి వచ్చినది.

రోగమెక్కడో తెలిసిన పిమ్మట చికిత్స సులభమైనది. వరదను నగరంలో గాక, నగరానికి పైననే పట్టి నిలుపవలెనని ఆయన సూచించినారు. ఆ సూచన ప్రకారం మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లోను, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తి అయినవి. వరద కోసం తలపెట్టిన ఈ జలాశయాలే నగరానికి తాగునీటిని కూడ ప్రసాదించినవి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు వీధులను వెడల్పు చేసి పత్తర్‌గట్టీ వంటి బజారులను నిర్మించినది. 1931 నాటికి భూగర్భ మురుగు వ్యవస్థ ఏర్పడినది. నీరు, మురుగు, బాట అనే మూడింటినీ ఒకే కాలంలో, ఒకదానితో ఒకటి పొందికగా ఆలోచించుట ఆనాటి పని గొప్పతనం.

ఇక ఈ వ్యవస్థలు పనిచేయు తీరును గమనింతము. ఒక ఎకరం నేల మీద 50 మిల్లీమీటర్ల వాన కురిసినదనుకొందము. అది సుమారు 2 లక్షల లీటర్ల నీరు. 5,000 లీటర్ల ట్యాంకర్లు 40 నిండుతవి. ఆ ఎకరం తోట అయినచో చాల భాగం నేలలోనికి ఇంకుతుంది. అదే ఎకరం మీద ఇండ్లు, సిమెంటు రోడ్లు వచ్చినచో, దాదాపు నీరంతయు కొన్ని నిమిషాలలోనే వీధిలోనికి దుముకుతుంది. వాన పెరుగకపోయినను వరద పెరుగుటకు కారణమిదే. కాబట్టి నాలా వెడల్పును నిర్ణయించునపుడు ఎంత వాన కురియునని మాత్రమే గాక, ఆ నేల ముప్పది ఏండ్ల తర్వాత ఎట్లుండునని కూడ లెక్క వేయవలెను.

మురుగునీటి లెక్క వేరు. నగరాలలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు కావలెననియు, అందులో నూటికి 80 వంతులు మురుగుగా వెలువడుననియు ఇంజనీర్లు లెక్కిస్తారు. ఐదుగురున్న ఇంటి నుండి వెలువడేది రోజుకు 540 లీటర్లు. అందుకు చిన్న గొట్టం చాలును. పైగా అది మరీ పెద్దదైనచో నీరు మందగించి మడ్డి పేరుకొనును. మడ్డిని ఈడ్చుకొనిపోవుటకు సెకనుకు కనీసం 60 సెంటీమీటర్ల వేగం ఉండవలెను. ఇపుడు అదే ఇంటి డాబాను చూడండి. 200 చదరపు గజాల డాబా మీద గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడినచో 8 వేల లీటర్లకు పైగా నీరు దిగుతుంది. పదిహేను రోజుల మురుగుతో సమానమైన నీరు ఒక్క గంటలో! డాబా గొట్టాన్ని మురుగు గొట్టంలో కలిపినవారి వలన వీధి చివర మ్యాన్‌హోల్ మూత లేచి, మురుగు పల్లపు ఇండ్లలోనికి ఎదురు తన్నుతున్నది. వాననీటికి ఒక దారి, మురుగుకు ఒక దారి అనే నియమం ఇందుకే ఏర్పడినది.

మూడవది బాట. రోడ్డు నీటికి అడ్డుకట్ట కావచ్చును, కాలువ కూడ కావచ్చును. వాగును దాటుచోట తూము ఇరుకుగా పెట్టినచో ఎత్తైన రోడ్డు చెరువు కట్ట వలె నీటిని నిలుపుతుంది. పాత రోడ్డు మీద కొత్త పొర, దాని మీద మరొక పొర వేయుచు పోగా, ఇండ్లు రోడ్డుకన్న పల్లమై వాన ఇంటిలోనికి వస్తుంది. అందుచేత రోడ్డు ఎత్తును నిర్ణయించేవారు, తూము వెడల్పును నిర్ణయించేవారు, మురుగు గొట్టపు లోతును నిర్ణయించేవారు ఒకే పటం ముందర కూర్చొనవలసి ఉన్నది.

1931 నాటి మురుగు వ్యవస్థ 54 చదరపు కిలోమీటర్లలోని 4,68,000 మంది కొరకు ఉద్దేశింపబడినది. 2007లో చుట్టుప్రక్కల 12 పురపాలక సంఘాలను కలుపుకొని నగరం సుమారు 650 చదరపు కిలోమీటర్లకు విస్తరించినది. గొలుసుకట్టు చెరువులలో అనేకం శిఖం భూములు కోల్పోయినవి. ఒక చెరువు అలుగు నుండి మరొక చెరువుకు పోవు కాలువల మీద ఇండ్లు వెలసినవి. 2000 ఆగస్టులో ఒక్క దినమున 24 సెంటీమీటర్ల వాన కురిసి నగరం మునిగినది. 2020 అక్టోబరులో బేగంపేటలో 19 సెంటీమీటర్లు నమోదైనది. కొద్ది రోజులకే గుర్రం చెరువు కట్ట తెగి క్రింది బస్తీలు జలమయమైనవి. 1908లో ఎగువ పల్లెలలో జరిగినది 2020లో నగరం నడుమనే జరిగినదన్నమాట. 2025 సెప్టెంబరు చివర జంట జలాశయాల గేట్లు ఎత్తగా, మూసీ గర్భంలోని ఇమ్లీబన్‌లో 1994 నుండి నడుచుచున్న మహాత్మాగాంధీ బస్ స్టేషను నీట మునిగినది. ప్రయాణ సౌకర్యానికి ఎన్నుకొన్న చోటు నది తన వరదకు ఉంచుకొన్న చోటు కావడమే ఇందలి చిక్కు.

దిద్దుబాటు యత్నాలు లేకపోలేదు. నాలాల విస్తరణకై 2021లో ప్రత్యేక కార్యక్రమం మొదలైనది. అదే సంవత్సరం 31 కొత్త మురుగు శుద్ధి కేంద్రాలకు ప్రభుత్వ ఆమోదం లభించినది. కాని పని వరుస తప్పరాదు. ముందు చెరువుల, వాగుల హద్దులు పటం మీద స్థిరపడవలెను. పిమ్మట నాలాలు, మురుగు గొట్టాలు. ఆ పిమ్మట రోడ్లు, చివర ఇండ్లు. ఆచరణలో ఇండ్లు ముందు వచ్చి, తక్కినవి వాటి వెనుక పరుగెత్తుతున్నవి. కట్టిన ఇంటిని తొలగించి నాలాను వెడల్పు చేయుటలో ధనవ్యయం మాత్రమే కాదు, ఒక కుటుంబపు గూడు కూడ పోతున్నది. ఆ కుటుంబం సాధారణంగా నాలా ఒడ్డున తప్ప మరెక్కడా స్థలం కొనజాలనిది. హద్దులను ముందుగానే నిలుపుట దయతో కూడిన పని అనుటకు కారణమిదే.

గృహస్థులు చేయదగినది కూడ కలదు. డాబా నీటిని మురుగు గొట్టంలో కలుపకుండ ఇంకుడు గుంతకు మళ్ళించవచ్చును. వాకిలంతయు సిమెంటు చేయక కొంత మట్టినేల విడువవచ్చును. చెత్తను నాలాలో వేయకుండవచ్చును. స్థలం కొనబోవునపుడు పత్రాలతో పాటు ఆ ఊరి వృద్ధులను కూడ ఒక మాట అడుగుట మంచిది: వానాకాలంలో ఇక్కడ నీరు ఎటునుండి ఎటు పోయెడిది? నేల వాలు పత్రాలతో మారదు.