పద్యంలో దాగిన ఇరవై అంకెలు

ఛత్తీస్‌గఢ్ వరిసీమ. అందులోని భిలాయి ఉక్కు నగరంలో, పవర్ హౌస్ రైలు స్టేషను మీదుగా బియ్యం నింపిన గూడ్సు బండ్లు సాగిపోతున్నాయని ఊహించండి. వ్యాగనుకు 60 టన్నులు, నిమిషానికొక వ్యాగను, రేయింబవళ్ళు విరామం లేదు. చదరంగం కనిపెట్టినవాడు రాజునడిగిన బహుమానమంతా ఆ స్టేషను దాటడానికి 14 వేల ఏళ్ళకు పైగా పడుతుంది!

ఆ కోరిక జగమెరిగినదే. మొదటి గడికి ఒక గింజ, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు. ఇలా 64 గడులకూ రెట్టింపు. మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. గింజ 25 మిల్లీగ్రాములనుకుంటే సుమారు 46 వేల కోట్ల టన్నులు. నేటి ప్రపంచమంతా పండించే బియ్యం లెక్కన దాదాపు 900 ఏళ్ళ పంట.

ఇంతటి సంఖ్యను తెలుగువారు ఒక చంపకమాలలో పదిలపరచుకున్నారు. మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహాన్ని తెనిగించిన పావులూరి మల్లన పేర ఆ పద్యం ప్రసిద్ధం. మల్లన 11వ శతాబ్దివాడని పలువురి అభిప్రాయం. పద్యంలో అంకెలు కానరావు, మాటలే ఉంటాయి. చంద్రుడంటే ఒకటి, వేదమంటే నాలుగు, ఆకాశమంటే సున్న. మన్మథుని బాణాలు అయిదు గనుక శరమంటే అయిదు. ఒకట్ల స్థానం నుండి మొదలుపెట్టి ఎడమకు పేర్చుకుంటూ పోవాలి. అందుకే పద్యంలోని మొదటి మాట సంఖ్యలో చివరి అంకె అవుతుంది.

తాళపత్రం మీద ఒక అంకె చెదిరితే తెలుసుకోవడం కష్టం. మాట జారితే గణభంగమై చెవికే తెలుస్తుంది. అయినా ఛందస్సు అన్ని తప్పులనూ కాయలేదు. చంద్రుడున్నచోట లేఖకుడు పరాకున వేదమని వ్రాస్తే గణాలు చెడవు, ఒకటి కాస్తా నాలుగవుతుంది. అంకెల మొత్తం 87 గనుక మూడుతో పరీక్షిద్దామంటే, పెరిగినది మూడే కావడంతో అదీ పసిగట్టలేదు. కాని 17తో భాగించి చూడండి. అసలు సంఖ్యకు శేషం సున్న. ఏ ఒక్క అంకె మారినా, అది ఏ స్థానంలోనిదైనా, శేషం మిగిలి తీరుతుంది. కవి ఎరుగునో లేదో గాని, ఈ సంఖ్యకు కావలి దాని కడుపులోనే ఉంది.

ఆ 17 ఎక్కడిది? 64 రెండ్లను గుణించి ఒకటి తీసివేస్తే మన సంఖ్య వస్తుంది. దానిని విడగొడితే 3, 5, 17, 257, 65,537, చివరగా 4,29,49,67,297 లభిస్తాయి. ముందున్నవాటినన్నిటినీ గుణించి రెండు కలిపితే తరువాతిది వస్తుంది. ఎంత ముచ్చటైన వరుస! ఈ వరుసలోనివన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దంలో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా నమ్మాడు. మొదటి అయిదింటి విషయంలో ఆ నమ్మకం నిజమే. ఆరవదానిని మాత్రం 641 నిశ్శేషంగా భాగిస్తుందని ఆయిలర్ 1732లో చూపాడు. భాగఫలం 67,00,417.

నేటి కంప్యూటరులో 64 బిట్లూ ఒకట్లే అయితే ఏర్పడేదీ మన గింజల లెక్కే. ఆ చంపకమాల మీకు కంఠస్థమైతే, అంకెలుగా మార్చి 641తో ఒకసారి భాగించి చూడండి.