కుండీలో నిమ్మచెట్టు, కంచంలో నిమ్మచెక్క

కిందటేడు వర్షాకాలంలో, అరకు లోయలో నేను పనిచేసే ఆస్పత్రికి ఒక టీచరుగారి భార్య వచ్చింది. ఏడో నెల. కింది కనురెప్ప దించి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. హిమోగ్లోబిన్ 8.4. గర్భిణికి కనీసం 11 ఉండాలి.

"ఐరన్ మాత్రలు వేసుకోవడం లేదామ్మా?" అన్నాను.

"ఒక్కరోజు కూడా మానలేదండీ. పొద్దున్నే కాఫీతో వేసేసుకుంటాను" అంది.

మా కొండల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్యపు రక్తవ్యాధి కూడా ఉంది. అందుచేత ముందు ఆ పరీక్ష చేయించాను. అది లేదని తేలింది. ఇక కాఫీ సంగతి. కాఫీ, టీలలో ఉండే కొన్ని పదార్థాలు ఇనుమును పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వవు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, నేనూ దాని అభిమానినే. అయినా మాత్రకూ, భోజనానికీ అటూ ఇటూ గంటసేపైనా అది దూరంగా ఉండాలి. కాల్షియం మాత్ర కూడా అంతే, ఐరన్ మాత్రతో కలిపి మింగకూడదు.

ఇది ఆ ఒక్క అమ్మాయి కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. కాన్పులో రక్తం పోతే, ఉన్నదే తక్కువైన తల్లి తట్టుకోవడం కష్టం.

చోడి అంబలి, మునగాకు, తోటకూర, పప్పు అన్నిట్లో ఇనుము ఉన్న మాట నిజమే. కాని శాకాహారంలోని ఇనుము మొండిది, ఒంటికి పట్టేది కొద్దిగానే. అదే ముద్దలో నిమ్మరసం కలిస్తే అందులోని విటమిన్ సి దాన్ని మెత్తబరిచి లోపలికి పంపిస్తుంది. అయితే రసం పొయ్యి మీద ఉడికితే ఆ విటమిన్ చాలావరకు నశిస్తుంది. కూర దించాక, కంచంలో కలుపుకునేటప్పుడు పిండుకోవాలి. నిమ్మకాయ ఊరగాయ చాలదా అంటారేమో! ఏడాది నిలవున్న ఊరగాయలో ఉండేది ముఖ్యంగా ఉప్పు. విటమిన్ సి మాటకొస్తే ఉసిరి, జామ నిమ్మకంటే ఎంతో మిన్న. కాని రోజూ ప్రతి ముద్దకూ నప్పేది నిమ్మరసమే కదా.

"నిమ్మకాయలు సంతరోజునే దొరుకుతాయండీ, నాలుగు రోజులకే ఎండిపోతాయి" అంది ఆ అమ్మాయి. అప్పుడు మా క్వార్టర్స్ వాకిట్లో కుండీలో ఉన్న చెట్టు చూపించాను.

పట్నంలో డాబా మీదైనా, మేడమెట్ల పక్కనైనా రోజుకు ఆరు గంటల ఎండ తగిలితే మీరూ పెంచవచ్చు. 18 అంగుళాల కుండీ గాని, సగానికి కోసిన డ్రమ్ము గాని చాలు. పురుగుమందులు, రసాయనాలు పోసిన డ్రమ్ము మాత్రం వద్దు. అడుగున రంధ్రాలు పెట్టి, పెంకులు పరిచి, ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కొంచెం ఇసుక కలిపి నింపండి. గింజ నాటితే కాపుకు ఐదారేళ్ళు ఆగాలి. అంటుమొక్క అయితే రెండు మూడేళ్ళలో కాస్తుంది. వేలు మట్టిలో గుచ్చి, పొడిగా ఉంటేనే నీళ్ళు పొయ్యండి. లేత ఆకుల మీద పక్షిరెట్టలా కనబడేది సీతాకోకచిలుక పురుగు, చేత్తో ఏరెయ్యండి. వానల్లో ఆకుల మీద గరుకు మచ్చలొస్తే అది గజ్జి తెగులు. దానికి నా దగ్గర మందు లేదు, ఆ ఆకులు తుంచి కాల్చెయ్యడమే!

డాక్టరుగా ఒక్కటి గట్టిగా చెప్పాలి. కుండీ కింద పళ్ళెంలో నీరు నిలవనివ్వకండి. మా కొండల్లో మలేరియా దోమ పారే గెడ్డల్లోనూ పుడుతుంది గాని, డెంగీ దోమకు ఆ పళ్ళెం చాలు. గుడ్డు దోమ కావడానికి వారం, పదిరోజులు పడుతుంది. కనుక వారానికి ఒకసారైనా పారబోసి, గుడ్లు ఊడిపోయేలా అంచులు రుద్ది కడగండి.

ఆ అమ్మాయి రాత్రి భోజనమైన గంటకు మాత్ర వేసుకోవడం మొదలుపెట్టింది. తన మొక్క కాపుకొచ్చేదాకా అని మా చెట్టు కాయలు పంపించాను. నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ 9.6. ఇది నిమ్మకాయ మహిమ అననుగాక అనను. పెద్ద వాటా మాత్రదే. నిమ్మచెక్క ఉంది కదా అని మాత్ర మానేస్తే మళ్ళీ మొదటికే వస్తారు.

మొన్న బిడ్డను చంకనేసుకుని వచ్చింది. తన కుండీలో మొక్కకు లేత ఆకులు పసుపు తిరిగాయట, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయట. మొక్కకు ఇనుము అందకపోయినా అలాగే అవుతుంది. మట్టిలో ఇనుము ఉన్నా, నీరు నిలిచిపోతే వేరు దాన్ని తీసుకోలేదు. ఇంటికి వెళ్ళగానే అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో పుల్లతో పొడిచి చూడమన్నాను.