పాత కారును కొనువారికి: రంగు క్రింద దాగిన దెబ్బలు

ఎద్దుల జతను కొనునపుడు మన రైతు చూపు శ్రద్ధ లోకమెఱిగినదే. పండ్లు చూచును, గిట్టలు తట్టును, సుడులు పరికించును, కాడి వేసి నాలుగు చాళ్లు దున్నించును. అటుపిమ్మట గాని సంతలో తువాలు క్రింద చేయి కలుపడు. ఆ రైతే పాత కారు కొనబోవునపుడు మెఱయు రంగును, క్రొత్త సీటు కవర్లను చూచి పది నిమిషములలో బయానా ఇచ్చి వచ్చుచున్నాడు. ఎద్దు కుంటిదైనచో పోవునది సొమ్ము. కారు ఎముక విఱిగినదైనచో సొమ్ముతోపాటు అందు కూర్చుండు భార్యాబిడ్డల ప్రాణములకును ముప్పు కలదు. కావున ఈ మాసము ఎరువులను, విత్తనములను ప్రక్కనుంచి, ఈ విషయమును సభ్యులకు విశదపఱుపదలచితిని.

విశాఖపట్టణమున రేవు, ఉక్కు కర్మాగారము, నౌకాదళము మున్నగు పెద్ద సంస్థలుండుటచే, బదిలీమీద పోవు ఉద్యోగులు తమ కార్లను అమ్ముచుందురు. వానిని చౌకగా కొనుటకు అనకాపల్లి, చోడవరము, యలమంచిలి ప్రాంతముల రైతులు నగరమునకు పోవుచుందురు. ఇట్టి బండ్లలో మంచివి చాల కలవు. పాత బండి కొనుట తప్పని నేను చెప్పను. చూడక కొనుట మాత్రము తప్పు.

దెబ్బ తిన్న బండి మరల బజారునకు వచ్చు విధము

భీమా కంపెనీవారు ప్రతి బండికిని ఆ యేటి విలువను పాలసీలో నిర్ణయించి వ్రాయుదురు. ప్రమాదమునకు లోనైన బండిని బాగుచేయుటకగు ఖర్చు ఆ విలువలో 75 వంతులు మించినచో, దానిని పూర్తి నష్టముగా లెక్కించి యజమానికి సొమ్ము చెల్లింతురు. శిథిలమైన బండిని ఎవరో వేలములో కొందురు. కొన్నవాడు దానిని విప్పి సామానుగా అమ్మిన చిక్కులేదు. కాని పెక్కుమారులు దానినే చౌకగా అతికించి, లప్పము పూసి, రంగు వేసి, మంచి బండియని అమ్ముట కలదు.

బ్రిటనులో భీమావారు ఇట్టి బండ్లను వర్గములుగా విభజింతురు. 2017 అక్టోబరు నుండి చట్రము దెబ్బతిన్నవానికి ఒక అక్షరము, పైపై దెబ్బలు గలవానికి వేఱొక అక్షరము కలవు. అమెరికాలో ఇట్టి బండి యాజమాన్య పత్రముమీదనే ఆ ముద్ర పడును. మన దేశపు ఆర్.సి. పుస్తకములో గాని కార్డులో గాని ప్రమాదమును తెలుపు గడియే లేదు. పత్రము మౌనము వహించినపుడు కొనువాని కన్నులే సాక్ష్యము.

గాలివానలు, వరదలు గూడ ఇట్టి బండ్లను పుట్టించును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖవద్ద తీరము దాటినపుడు నగరములో కూలిన చెట్ల క్రింద ఎన్నియో వాహనములు నలిగినవి. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలో పేటలకు పేటలు నీట మునిగినపుడు వేలకొలది వాహనములు మునిగినవి. పూర్వము సంఖ్య పలకమీద 31 అని యున్నచో అది విశాఖ బండియని తెలిసెడిది. 2019లో రాష్ట్రమంతటికి 39 అను ఒకే సంకేతమును పెట్టిన పిదప, క్రొత్త బండి ఏ జిల్లాదో పలక చూచి చెప్పజాలము. కావున ఆర్.సి.లోని చిరునామాను చదివి, వరద నాటికి అది ఎచ్చట నుండెనో అడుగవలయును.

తోలు గాయము, ఎముక గాయము

లారీకిని, పాత జీపునకును క్రింద ఇనుప చట్రము వేఱుగా నుండును. నేటి చిన్న కార్లలో చాలవఱకు అట్లు కాదు. రేకులన్నియు కలిసి అతుకబడిన పెట్టెయే చట్రము. బంపరు, బానెట్, తలుపులు, ముందరి మడ్‌గార్డులు బోల్టులతో బిగించిన తోలువంటివి. నగరములో తిరుగు కారునకు వీనిలో ఒకటి మార్చియుండుట వింత కాదు. ఆ మాత్రమునకు బండిని విడువనక్కరలేదు, ధర తగ్గించి అడిగిన చాలును.

బానెట్ క్రింద ఇంజనుకు ఇరుప్రక్కల ముందునకు చాచిన రెండు దూలములు, తలుపుల నడుమ నిలువు స్తంభములు, కప్పు, నేల, డిక్కీ అడుగు, ఇవి ఎముకలు. ముందరి దూలములు ఢీకొన్నపుడు మడతపడి, దెబ్బ వేగమును తాము మ్రింగి, లోనివారిని కాపాడునట్లు నిర్మింపబడినవి. ఒకమారు మడతపడినదానిని కొట్టి సరిచేసి వెల్డింగు పెట్టినచో, చూచుటకు తిన్నగా నుండును గాని, రెండవమారు దెబ్బ తగిలినపుడు మడత పడవలసినచోట పడదు; లేదా అతుకువద్ద విడిపోవును. కావున పరీక్షలో ప్రశ్న బండికి దెబ్బ తగిలెనా యనునది కాదు. దెబ్బ ఎముకవఱకు పోయెనా యనునది.

పరీక్షింపవలసిన విధము

బండిని పగటి వెలుగులో, పొడిగా నున్నపుడు చూడవలయును. రాత్రి దీపముల క్రిందను, అప్పుడే కడిగి తడిగా నున్నపుడును రంగులోని లోపములు కనబడవు.

1. బండికి నాలుగు మూలల నిలిచి రేకుల నడుమ సందులను చూడుడు. బానెట్‌కు కుడి ఎడమల, తలుపుల అంచుల సందులు సమానముగా నుండవలెను. ఒకవైపు వ్రేలు దూరి, రెండవవైపు దూరకున్నచో కారణము అడుగుడు.

2. పలుచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతమును ఇనుప రేకులమీద నడిపించుడు. లప్పము దట్టముగా నున్నచోట పట్టు సడలును. బంపరులు ప్లాస్టికువి గనుక వానిని పట్టదు. అది దోషము కాదు.

3. తలుపు చుట్టునున్న రబ్బరు పట్టీని మెల్లగా తీసి చూడుడు. కర్మాగారములో పెట్టిన అతుకులు గుండ్రని చిన్న గుంటలవలె సమదూరములో వరుసగా నుండును. ఆ వరుస తెగినను, గరుకైన వెల్డింగు కనబడినను ఆ స్తంభము మార్చబడినదని తెలియవలెను. రబ్బరుమీద రంగు తుంపరలున్నచో ఆ వైపు మరల రంగు వేసిరి.

4. బానెట్, మడ్‌గార్డులు, తలుపు బందుల బోల్టు తలలను చూడుడు. పానా తిరిగిన గీతలున్నచో ఆ భాగము విప్పబడినది.

5. డిక్కీలో చాపను, అదనపు చక్రమును పైకెత్తి అడుగు రేకును చూడుడు. వెనుకనుండి దెబ్బ తిన్న బండికి ముడుతలు ఇచ్చట మిగులును. ఇచ్చటనే వాన నీరు నిలుచును.

6. అద్దములన్నిటి మూలల ముద్రలను పోల్చుడు. ఒకటి వేఱైనచో అది మార్చబడినది. రాయి తగిలియు పగులవచ్చును. కావున ప్రక్కనున్న స్తంభముతో కలిపి చూచి నిర్ణయింపుడు.

7. తాళము త్రిప్పినపుడు గాలిసంచి గుర్తుగల దీపము కొన్ని క్షణములు వెలిగి ఆరవలెను. ఆరకున్నచో లోపము కలదు. అసలు వెలుగకున్నచో మఱింత అనుమానింపుడు. ప్రమాదములో సంచి విచ్చుకొనిన పిదప క్రొత్తది పెట్టక దీపమును నోరు మూయించియుండవచ్చును. సీటు బెల్టును కడవఱకు లాగుడు. అది సాఫీగా వచ్చి మరల లోనికి పోవలెను. దాని చివర బురద మరకయున్నచో బండి నీట మునిగినది.

8. చక్రములు ఒక అంచున మాత్రమే అరిగియున్నవేమో చూడుడు. ఖాళీగానున్న చదునైన రోడ్డుపై స్టీరింగు పట్టును కొంచెము సడలించి చూచిన, బండి తనంతట ఒక ప్రక్కకు లాగరాదు. టైరులో గాలి తక్కువైనను లాగును గనుక ముందుగా గాలి సరిచూడుడు.

తుప్పును గూర్చి ఒక మాట. సముద్రపు ఉప్పు గాలి తగులు విశాఖలో తిరిగిన బండికి అడుగున తుప్పు పట్టుట సహజము. అట్టి తుప్పు అంతటను కొంచెము కొంచెముగా నుండును. ప్రమాదపు తుప్పు అతుకు చుట్టును ఒక్కచోట నుండును. వరద తుప్పు లోపల నుండును. సీటు క్రింది పట్టాలు, మరలు, చాప క్రింది రేకు చూచిన బయటపడును.

ఈ పనికి గాజువాక ఆటోనగరువంటి చోట్ల పనిచేయు మెకానిక్కును, టింకరింగు పనివానిని వెంట తీసికొనిపోవుట మేలు. ఆ మనిషి అమ్మువాడు చూపినవాడు కాక, మీరు ఎన్నుకొన్నవాడు కావలయును. బండిని లిఫ్టుమీద ఎత్తించి అడుగు చూచుటకు అమ్ముకొనువాడు ఒప్పుకొననిచో, ఆ నిరాకరణమే మీకు జవాబు.

కాగితములు చెప్పు సాక్ష్యము

ఆర్.సి.లోని 17 అక్షరముల చాసిస్ సంఖ్యను బండిమీద చెక్కిన సంఖ్యతో అక్షరాక్షరము పోల్చవలెను. ఆ చోటనే వెల్డింగు గాని క్రొత్త రంగు గాని యున్నచో బేరము వదలి రావలయును.

భీమా పాలసీలో క్లెయిము చేయనందుకు ఇచ్చు తగ్గింపు వ్రాయబడియుండును. మొదటి యేడు క్లెయిము లేనిచో 20, పిదప 25, 35, 45, ఐదేండ్లకు 50 వంతులు. నాలుగేండ్లుగా తనవద్దనే యున్న బండికి ఒక్క గీత పడలేదని యజమాని చెప్పుచుండ, పాలసీలో తగ్గింపు సున్నయైనచో, గడచిన యేడు ఏమి జరిగెనో అడుగుట న్యాయము. అధికృత సర్వీసు కేంద్రములో చాసిస్ సంఖ్యమీద జరిగిన మరమ్మతుల చిట్టాను యజమాని ద్వారా తెప్పించుకొనుడు.

అమ్మువానిని వ్రాతపూర్వకముగా అడుగుడు

ఇది అన్నిటికంటె ముఖ్యము. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము మోసముచే జరిగిన బేరమును మోసపోయినవాడు రద్దుపఱుచుకొనవచ్చును. కాని ఊరక మౌనముగా నుండుట సాధారణముగా మోసము కాదు. మౌనమే మోసమైనచోట గూడ, కొన్నవాడు సామాన్య శ్రద్ధతో నిజము తెలిసికొనగలిగియుండెనేని బేరము రద్దు కాదని 19వ సెక్షనులో మినహాయింపు కలదు. తెలిసి చెప్పిన అబద్ధమునకు ఈ మినహాయింపు రక్ష కాదు. కావున మూడు ప్రశ్నలు కాగితముమీద వ్రాసి, జవాబులు వ్రాయించి, సంతకము పెట్టించుడు: ఈ బండి ప్రమాదమునకు లోనైనదా? భీమా క్లెయిము జరిగినదా? నీట మునిగినదా? నిజాయితీపరుడు సంతకమునకు జంకడు. ఆ కాగితము రేపు మీచేతి ఆయుధము.

కొన్న పిదప లోపము బయటపడినచో

తొందరపడి మరమ్మతు చేయింపకుడు. చేయించినచో సాక్ష్యము చెరిగిపోవును. ఉన్నదున్నట్లు ఫొటోలు తీయించి, తెలిసిన మెకానిక్కుచేత వివరముగా నివేదిక వ్రాయించి, అమ్మినవానికి రిజిస్టరు తపాలాలో నోటీసు పంపుడు. తెలిసిన పిదపను నెలలకొలది బండిని వాడుకొనుచు ఊరకున్నచో, మీరు అంగీకరించితిరని వాదింతురు.

అమ్మినవాడు వ్యాపారియైనచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము వర్తించును. లోపము జరిగిన రెండేండ్లలోగా జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవలెను. మీరు నివసించు జిల్లాలోనే చేయవచ్చును. చెల్లించిన ధర 5 లక్షలు మించనిచో రుసుము లేదు. స్వయముగా నడుపుకొని జీవించుటకు కొన్న సరకుల బండికిని ఈ రక్షణ కలదు. సలహాకు 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చును. 2023 ఏప్రిలు 1 నుండి పాత వాహనముల వ్యాపారి రవాణా అధికారివద్ద అనుమతి పత్రము పొందవలెనను నియమము అమలులోనికి వచ్చినది. ఆటో కన్సల్టెన్సీలో కొనునపుడు ఆ పత్రమును చూపుమనుడు. అమ్మినవాడు వ్యాపారి కాని సామాన్యుడైనచో దారి సివిలు కోర్టే; అప్పుడు పైన చెప్పిన సంతకపు కాగితమే ఆధారము.

పేరు మార్పు

29, 30 సంఖ్యల పత్రములతో 30 దినములలోగా ఆర్.సి.ని మీపేర మార్పించుకొనుడు. భీమా మార్పునకు 14 దినములలోగా దరఖాస్తు పెట్టుడు. అమ్మువారికిని ఇది ముఖ్యమే. చేతులు మారి నాలుగవవానివద్దకు పోయిన ఒక కారు ప్రమాదము చేసినపుడు, రిజిస్టరులో పేరు మారలేదు గనుక మొదటి యజమానియే పరిహారమునకు బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది.

పాత బండి కొనదలచిన సభ్యులు ఒకే నెలలో ఇద్దరు ముగ్గురున్నచో, కలిసి ఒక మంచి మెకానిక్కును ఒక దినమునకు కుదుర్చుకొనిన ఖర్చు పంచుకొనవచ్చును. ఆ కూలి మూడు బండ్లు చూచి మూటిని వద్దనుటకే సరిపోయినను నష్టము కాదు. పరీక్ష ముగియువఱకు బయానా ఇవ్వకుడు. బయానా ఇచ్చిన చేయి లోపమును చూచియు కన్ను మూయించును.