మజ్జిగలా ఉందని పారబోయలేదు

అమెరికాలో విల్మింగ్టన్ అనే ఊళ్లో డ్యూపాంట్ కంపెనీ పరిశోధనశాల. సంవత్సరం 1965. నలభై దాటిన ఒకావిడ సీసాలోని ద్రావణాన్ని ఎగాదిగా చూస్తోంది. దారం తీయడానికి చేసుకునే ద్రావణం మామూలుగా బెల్లప్పాకంలా చిక్కగా, తేటగా ఉంటుంది. ఆవిడ చేసింది మాత్రం పలచగా, మబ్బుమబ్బుగా, అచ్చం మజ్జిగలా తయారైంది. కలిపితే ఓ వింత మెరుపు. ఇంకొకరైతే పాడైపోయిందనుకుని పారబోసి, సీసా కడుక్కుని మళ్లీ మొదలుపెట్టేవారు. ఆవిడ పారబోయలేదు. సన్నని వడపోతలో వడకట్టి చూసింది. మబ్బు విడలేదు. అంటే అందులో కరగని పలుకులేమీ లేవన్నమాట. మరి ఈ మబ్బు ఎక్కడిది?

దాన్ని దారం తీసే యంత్రం దగ్గరికి పట్టుకెళ్లింది. ఆ యంత్రం ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, జంతికల గొట్టం లాంటిదే. కాకపోతే బిళ్లకుండే కంతలు కంటికి ఆనవు. ద్రావణాన్ని వాటిలోంచి నొక్కితే పోగులు దిగుతాయి. ఆ యంత్రం చూసుకునే చార్లెస్ స్మలెన్ ససేమిరా పొయ్యనన్నాడు. ఈ మబ్బు నీళ్లతో కంతలు పూడుకుపోతాయని ఆయన భయం. ఆవిడ వదల్లేదు. అడిగి అడిగి ఒప్పించింది. తీరా పోస్తే దారం చక్కగా దిగింది. లాగితే తెగలేదు. పరీక్షకు పంపితే వచ్చిన అంకెలు చూసి తనే నమ్మలేక మళ్లీ మళ్లీ పంపించింది. బిర్రుదనంలో ఆ దారం ఆవిడ అంతకుముందు తీసిన దారాలకంటే 9 రెట్లు ఎక్కువట!

ఆవిడ పేరు స్టెఫనీ క్వొలెక్. మూలపదార్థాలు కొద్దిగా మార్చి చేసిన ఆ దారం తోబుట్టువునే కంపెనీ 1971లో 'కెవ్లార్' అన్న పేరుతో బజారులో పెట్టింది. తూకానికి తూకం చూస్తే ఉక్కుకంటే 5 రెట్లు బలం. తూటా తగిలినా ప్రాణం నిలబెట్టే కోట్లు కుట్టేది దీనితోనే.

స్టెఫనీ 1923లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో, పోలండు నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టింది. తండ్రికి అడవులంటే ప్రాణం. కూతుర్ని వెంటబెట్టుకుని తిరుగుతూ ఆకులూ విత్తనాలూ ఏరి పుస్తకాల్లో అంటించేవాడు. ఆవిడకి పదేళ్లప్పుడే పోయాడు. తల్లి కుట్టుపనిలో దిట్ట. ఆ మిషను దగ్గరే పిల్ల బొమ్మలకి గౌన్లు కుట్టడం నేర్చుకుని, పెద్దయ్యాక బట్టల డిజైనర్ని అవుతానంది. ప్రతిదీ నూటికి నూరుపాళ్లూ కుదిరితే గాని వదలని నీ స్వభావానికి ఆ పనిలో ఆకలితో మాడిపోతావని తల్లే హెచ్చరించిందట. అమ్మలు భలే కనిపెట్టేస్తారు! అదే స్వభావం తర్వాత ప్రయోగశాలలో అక్కరకొచ్చింది.

డాక్టరు కావాలన్నది తర్వాతి కోరిక. దానికి డబ్బు లేదు. 1946లో రసాయన శాస్త్రంలో డిగ్రీ పూర్తయింది. కొన్నాళ్లు ఉద్యోగం చేసి ఆ జీతంతో వైద్యం చదువుదామనుకుంది. కథలు రాసుకునేదాన్ని కాబట్టి కాబోలు, ఆ ఉద్యోగం సంపాదించిన ఘట్టం నాకు మరీ ఇష్టం. ఇంటర్వ్యూ చేసినాయన హేల్ చార్చ్, పెద్ద శాస్త్రవేత్త. రెండు వారాల్లో కబురు చేస్తామన్నాడు. మరోచోట కూడా ఉద్యోగం ఇస్తామంటున్నారు, వాళ్లకి జవాబు చెప్పాలి, మీరు కాస్త తొందరగా తేల్చగలరా అని అడిగిందీ అమ్మాయి. ఆయన అప్పటికప్పుడే సెక్రటరీని పిలిచి, ఆమె ఎదుటే ఉద్యోగపు ఉత్తరం చెప్పి రాయించాడు. ఇంటర్వ్యూలో ఎదురుప్రశ్న వేయకూడదని మన ఆడపిల్లలకి నూరిపోస్తాం కదా, అందుకే ఇంత వివరంగా రాశాను.

అది రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్త. మగవాళ్లు యుద్ధానికి వెళ్లడంతో ప్రయోగశాలల తలుపులు ఆడవాళ్లకి తెరుచుకున్నాయి. మగవాళ్లు తిరిగొచ్చాక చాలామంది ఆడవాళ్లు వెనక్కి మళ్లారు. స్టెఫనీ మళ్లలేదు. డాక్టరీ ఊసు మరిచిపోయి, పెళ్లి కూడా చేసుకోకుండా ఆ పనిలోనే నలభై ఏళ్లు గడిపి 1986లో విరమించింది. 1959లో తనూ పాల్ మోర్గానూ కలిసి రాసిన ఒక ప్రయోగాన్ని ఇప్పటికీ పిల్లలకి చేసి చూపిస్తుంటారు. గ్లాసులో ఒకదాని మీద ఒకటి రెండు ద్రావణాలు పోస్తారు. రెండూ కలిసే చోట మీగడలా పొర కడుతుంది. దాన్ని పట్టుకుని పైకి లాగుతుంటే నైలాన్ దారం వస్తూనే ఉంటుంది. పొయ్యి లేదు, మంట లేదు!

ఇక మజ్జిగ రహస్యం. నైలాన్ లాంటి వాటిలో అణువులు పొడుగాటి గొలుసులు. ఉడికిన సేమ్యాలా మెలికలు పడి, ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఉంటాయి. స్టెఫనీ చేసిన గొలుసులో మధ్యమధ్య ఆరు కార్బన్ల బెంజీన్ వలయాలు ఉంటాయి. ఇలాంటి పదార్థాలనే ఏరోమాటిక్ అంటారు. పేరుకి సువాసన అనేగాని దారానికి ఏ వాసనా ఉండదు. తొలిరోజుల్లో దొరికిన కొన్నిటికి వాసన ఉండడంతో ఆ పేరు పడిపోయింది. ఈ వలయాలు వంగవు. పైగా ఒక వలయాన్ని సరిగ్గా ఎదురెదురు మూలల దగ్గర అతికితే గొలుసు మొత్తం చీపురు పుల్లలా నిటారుగా నిలబడుతుంది. పుల్లలు చిక్కుపడవు కదా, అందుకే ద్రావణం పలచన. గోదారి వరదలో కొట్టుకొచ్చే దుంగలు వరసగా సర్దుకున్నట్టు ఈ పుల్లలు కూడా జట్లు జట్లుగా ఒకే దిక్కుకి తిరిగి సర్దుకుంటాయి. ఆ జట్ల మీద పడి వెలుతురు చెదిరితే కనబడేదే మబ్బు. కంతల్లోంచి నొక్కేటప్పుడు పుల్లలన్నీ దారం పొడవునా ఒద్దికగా నిలబడి, పక్కపక్కవి చేతులు పట్టుకున్నట్టు గట్టిగా అతుక్కుంటాయి. ఒక్క పుల్లని విరవగలం గాని చీపురుకట్టని విరవలేమని తెలిసిందేగా. పాడైందనిపించిన ఆ మబ్బే అసలు బలానికి గుర్తు.

అదంతా ఆవిడ ఒక్కచేతి మీద జరిగిందనీ కాదు. ఈ పదార్థం ఓ పట్టాన దేనిలోనూ కరగదు. చిక్కటి గంధకామ్లంలో కరిగించి ఫ్యాక్టరీలో దారం తీసే పద్ధతిని హెర్బర్ట్ బ్లేడ్స్ కుదిర్చాడు. పరిశోధన మొదలైంది కూడా కోట్ల కోసం కాదు. పెట్రోలుకి కరువొస్తుందేమో, కారు టైర్లు తేలికైతే పెట్రోలు ఆదా అవుతుందని, వాటిలోని ఉక్కు తీగకి బదులు వెతకబోతే ఇది దొరికింది. తమాషా ఏమిటంటే కార్ల టైర్లలో ఉక్కే ఎక్కువగా నిలిచింది. ఈ దారం ఇంకెక్కడెక్కడికో వెళ్లింది. ఇంటర్నెట్ తెచ్చే చాలా రకాల కేబుళ్లలో, సన్నని గాజుపోగు తెగిపోకుండా చుట్టూ పసుపురంగు పోగులుంటాయి చూడండి, అవి ఈ జాతివే. మన శ్రీహరికోట నుంచి ఎగిరే పీఎస్ఎల్వీ రాకెట్‌లో మూడో దశ మోటారు తొడుగు కెవ్లార్ జాతి పోగులతో అల్లిందే. పై దశల్లో ఎంత బరువు తగ్గితే ఉపగ్రహానికి దాదాపు అంత బరువు మిగులుతుంది. 2013 నవంబరు 5న మంగళ్‌యాన్‌ని మోసుకెళ్లిందీ పీఎస్ఎల్వీయే.

దీనికో అక్కలాంటిది ఉంది, నోమెక్స్. 1967లో బజారుకొచ్చింది. వలయాల్ని ఎదురెదురు మూలల దగ్గర కాకుండా ఓ పక్కగా అతికారు. దాంతో గొలుసు వంకరటింకరగా వస్తుంది. కెవ్లార్ అంత బలం ఉండదు, కాని మంటకి కరగదు, బొగ్గులా మాడి గట్టిపడుతుంది. నైలాన్, పాలియెస్టర్ చీర అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుపోతుందనే కదా వంటింట్లో కట్టొద్దంటాం. నోమెక్స్‌తో ఆ బాధ లేదు కాబట్టే మంటలార్పేవాళ్ల దుస్తులు దానితో కుడతారు. చీరలెందుకు నేయరని అడుగుతారేమో! ఖరీదు ఎక్కువ, రంగు ఓ పట్టాన ఎక్కదు. అందాకా పొయ్యి దగ్గర మన నూలుచీరే మేలు.

కోటు సంగతికి వద్దాం. కెవ్లార్ గుడ్డని మడతలు పెట్టి తుపాకీతో కాల్చి చూడాలన్న ఆలోచన 1970ల మొదట్లో అమెరికా న్యాయశాఖలో పనిచేసే లెస్టర్ షూబిన్‌కి వచ్చింది. తూటా అవతలికి పోలేదు. వల బంతిని పట్టినట్టు, పొర మీద పొరగా ఉన్న గుడ్డ తూటా దూకుడుని చుట్టూ పంచేసి ఆపుతుంది. 1975 డిసెంబరులో సియాటిల్ నగరంలో కాల్పులకి ఎదురైన ఒక పోలీసుని ఈ కోటే బతికించింది. అలా బతికి బయటపడిన పోలీసుల కోసం 1987లో ఏకంగా ఒక క్లబ్బే పెట్టారు. సభ్యులు 3000 దాటారు. ఇంత మొండి గుడ్డకీ ఎండ పడదు! కోటుని ఎండలో ఆరేయకూడదు, బ్లీచింగ్ తగలనీయకూడదు. మామూలు కత్తెరకేమో లొంగదు.

మరి స్టెఫనీకి ఏం మిగిలింది? పేటెంటు కంపెనీ పేర రాసిచ్చేసింది. కంపెనీకి వందల కోట్ల డాలర్లు వచ్చాయి. ఆవిడకి జీతమూ, ఆలస్యంగా పతకాలూ. 1996లో అమెరికా ప్రభుత్వం సాంకేతిక రంగంలో ఇచ్చే జాతీయ పతకం అందుకుంది. ఉద్యోగులతో ముందే సంతకాలు చేయించుకోవడం అక్కడి రివాజు, ఎవరూ మోసం చేయలేదు. అయినా నా మనసు ఒప్పుకోదు. ఆవిడ మాత్రం ఆ లెక్కలు వేసుకున్నట్టు లేదు. ప్రాణాలు కాపాడడాన్ని మించిన తృప్తి లేదని చెప్పేది. ఒక పోలీసు తనని బతికించిన కోటు తీసుకొచ్చి దానిమీద ఆవిడ సంతకం పెట్టించుకున్నాడట. 2014 జూన్ 18న, 90 ఏళ్ల వయసులో పోయింది.

ఒక్క సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను. ఈ దారం ఆడది కనిపెట్టిందా, అమెరికా సైన్యంలో ఆడవాళ్లు మాత్రం ఏళ్ల తరబడి మగవాళ్ల కొలతలకి కుట్టిన కోట్లే తొడుక్కున్నారు. ఎదమీద బిగుతు, భుజాల దగ్గర వదులు, కూర్చుంటే నడుముకి గుచ్చుకోవడం. జాకెట్టు కుట్టే ఏ అమ్మాయినడిగినా డాట్లు వేయమంటుంది. ఎదభాగంలో డాట్లు పెట్టి, పొడవు తగ్గించి, భుజాలు సన్నం చేసి ఆడవాళ్ల ఒంటికి కుట్టిన కోట్లు ఆ సైన్యంతో యుద్ధభూమికి వెళ్లింది 2013లో. స్టెఫనీ పోవడానికి ముందటేడు.