జింకలకు పరిహారం సరే... మట్టి సంగతేంటి?

జబ్బు పడిన మందను చంపేస్తారు. యజమానికి డబ్బులిస్తారు. మామూలుగా అయితే కథ అక్కడితో ముగియాలి. అమెరికాలో జింకలను పట్టి పీడిస్తున్న ఓ వింత రోగం విషయంలో మాత్రం అసలు చిక్కంతా ఆ తర్వాతే మొదలవుతోంది!

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఆల్మండ్ అని ఓ చిన్న ఊరుంది. ఆ ఊరి దగ్గర చుట్టూ ఎత్తైన కంచె వేసి జింకలను పెంచే కేంద్రం ఒకటి ఉండేది. 2002 సెప్టెంబరులో అక్కడి జింకల్లో రోగం బయటపడింది. మంద మొత్తాన్నీ చంపేయాలంది ప్రభుత్వం. దాని మీద వివాదం నడిచింది. అది తేలేసరికి మూడేళ్లు దాటిపోయాయి. చివరికి 2006 జనవరిలో షూటర్లు వచ్చి, మిగిలిన 76 జింకలనూ కాల్చేశారు. పరీక్షిస్తే వాటిలో 60 జింకలకు అప్పటికే రోగం అంటుకుంది. అంటే, ప్రతి అయిదింటిలో దాదాపు నాలుగు!

జింకలు పోయాయి. ఖాళీ భూమి మిగిలింది. 2011లో రాష్ట్ర సహజ వనరుల శాఖ ఆ 80 ఎకరాలనూ 4 లక్షల 65 వేల డాలర్లు పోసి కొనేసింది. పార్కు పెట్టడానికి కాదు, పంట వేయడానికీ కాదు. చుట్టూ ఉన్న కంచె పడిపోకుండా, బయటి జింక ఏదీ లోపలికి అడుగుపెట్టకుండా చూసుకోవడానికి!

చచ్చిపోయిన జింకల పొలానికి కాపలా ఎందుకు? ఆ జవాబులోనే ఉంది ఈ రోగం మీద అమెరికా పెడుతున్న ఖర్చు కథంతా.

ఇంతకీ జింకల్ని పెంచడమేమిటి?

జింకను వేటాడితే జైలుకెళ్లాల్సిన దేశం మనది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర అలాంటి వ్యాపారానికి చోటు లేదు. అమెరికా, కెనడాల్లో అలా కాదు. అక్కడ గొర్రెల్ని పెంచినట్టే తెల్లతోక జింకల్నీ ఎల్క్‌లనీ పెంచుతారు. కొందరు మాంసం కోసం పెంచుతారు. కొందరు లేత కొమ్ముల కోసం. నూగుతో ఉండే ఆ కొమ్ములకు సంప్రదాయ మందుల తయారీలో గిరాకీ ఉంది, ముఖ్యంగా కొరియాలో. ఇంకొందరు పెద్ద పెద్ద కొమ్ములున్న మగ జింకల్ని తయారుచేసి, డబ్బు కట్టి వేటాడే ప్రైవేటు వనాలకు అమ్ముతారు. ఆఖరికి జింక మూత్రాన్ని కూడా వదలరు. అడవి జింకల్ని రప్పించేందుకు వేటగాళ్లు వాడతారని సీసాల్లో పట్టి అమ్ముతారు!

ఈ వ్యాపారానికి ఎదురైన గండం పేరే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. పొట్టిగా సీడబ్ల్యూడీ. మన మాటల్లో చెప్పుకోవాలంటే చిక్కిశల్యమయ్యే జబ్బు. 1967లో కొలరాడో రాష్ట్రంలోని ఫోర్ట్ కాలిన్స్ పరిశోధన కేంద్రంలో పెంచుతున్న మ్యూల్ జింకల్లో దీన్ని మొదటిసారి గుర్తించారు. తిండి సరిగా లేకనో, బందిఖానా పడకనో చిక్కిపోతున్నాయని అప్పట్లో అనుకున్నారు. ఎలిజబెత్ విలియమ్స్ అనే యువ పశువైద్య శాస్త్రవేత్త వాటి మెదడు ముక్కల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. మెదడు నిండా స్పాంజిలా చిల్లులు! గొర్రెలకు వచ్చే స్క్రేపీ, ఆ తర్వాత బ్రిటన్‌ను వణికించిన పిచ్చి ఆవు వ్యాధి... ఇవన్నీ ఈ కుటుంబంలోవే.

చావులేని శత్రువు

ఈ రోగానికి బ్యాక్టీరియా కారణం కాదు. వైరస్ అంతకన్నా కాదు. ప్రియాన్ అనే ప్రొటీన్ కారణం. ఒంట్లో మామూలుగా ఉండే ప్రొటీనే వంకరగా ముడతపడి, పక్కనున్న మంచి ప్రొటీన్లను కూడా తనలాగే మార్చేస్తుంది. ఈ సంగతి కనిపెట్టి 1982లో దానికి ప్రియాన్ అని పేరు పెట్టిన స్టాన్లీ ప్రూసినర్‌కు 1997లో నోబెల్ బహుమతి వచ్చింది.

రోగం సోకిన జింక ఏడాదిన్నర, రెండేళ్లపాటు నిక్షేపంగా కనిపిస్తుంది. ఆ తర్వాత చిక్కిపోతుంది. తల వాలేస్తుంది, చొంగ కారుస్తుంది, తూలుతూ నడుస్తుంది, చచ్చిపోతుంది. మందు లేదు. టీకా లేదు. సోకితే చావు తప్పదు. అసలు ప్రమాదం ఏమిటంటే, పైకి బాగా ఉన్న రోజుల్లోనే లాలాజలంలో, మూత్రంలో, పేడలో ప్రియాన్లు బయటికొచ్చేస్తుంటాయి. నేలలో కలిసిపోతాయి. అవి ప్రాణమున్నవి కావు కాబట్టి ఎండకు చావవు, చలికి చావవు. మామూలు క్రిమిసంహారక మందులకు లొంగవు. కొన్ని రకాల బంకమట్టికి అతుక్కున్న ప్రియాన్లు రోగాన్ని ఇంకా తేలిగ్గా అంటిస్తాయని 2007లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు తేల్చారు. ఐస్‌లాండ్‌లో స్క్రేపీ వచ్చిన ఓ గొర్రెల దొడ్డిలో కనీసం 16 ఏళ్ల తర్వాత కూడా ఆ రోగం మళ్లీ తలెత్తింది.

ఫోర్ట్ కాలిన్స్‌లోనూ ఓ ప్రయత్నం చేశారు. 1980ల మధ్యలో అక్కడున్న జంతువులన్నిటినీ చంపేశారు. నేలను తిరగదున్నారు. క్లోరిన్ చల్లారు. ఏడాదిపాటు ఖాళీగా వదిలేశారు. తర్వాత ఎల్క్ పిల్లల్ని తెచ్చి వదిలారు. కొన్నేళ్లకే రోగం మళ్లీ వచ్చింది!

నిజం చెప్పినందుకు ఖరీదు

మన గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వస్తే ఏం చేస్తారు? కోళ్లను చంపి పూడ్చిపెడతారు. రైతుకు పరిహారం ఇస్తారు. షెడ్డు కడిగి, మందు కొట్టి, కొన్నాళ్లు ఆగి కొత్త పిల్లల్ని దించుకోమంటారు. పరిహారం లేకపోతే ఏమవుతుందో పల్లెలో ఎవరినడిగినా చెబుతారు. కోళ్లు చస్తున్నాయన్న సంగతి బయటికే రాదు. రాత్రికి రాత్రే సరుకు మార్కెట్‌కి వెళ్లిపోతుంది.

అమెరికా ప్రభుత్వం లెక్క కూడా అదే. 2001 సెప్టెంబరులో అప్పటి వ్యవసాయ మంత్రి ఆన్ వెనెమన్ ఈ రోగాన్ని అత్యవసర పరిస్థితిగా ప్రకటించి, పెంపకందారులకు పరిహారం ఇచ్చేందుకు దారి తెరిచారు. 2002 ఫిబ్రవరిలో నిబంధనలు వచ్చాయి. చంపిన జంతువుకు మార్కెట్ విలువలో 95 శాతం ఇస్తారు. అయితే ఎంత విలువైన జంతువైనా 3 వేల డాలర్లు మించదు. మామూలు ఆడ జింకకు అది న్యాయమైన ధరే కావచ్చు. పెద్ద కొమ్ముల మగ జింకను అంతకు ఎన్నో రెట్లకు అమ్ముకునే యజమానికి మాత్రం గుండెకోతే.

పరిహారంతో పాటు డబ్బు ఇంకో మూడు చోట్లకు వెళ్తుంది. చనిపోయిన జింకల పరీక్షలకు, రాష్ట్రాల పశువైద్య విభాగాలకు, పరిశోధనకు. 2012లో దేశవ్యాప్తంగా మందలకు ధ్రువీకరణ పథకం తెచ్చారు. ఇందులో చేరడం స్వచ్ఛందమే. చేరిన యజమాని ప్రతి జింకకూ గుర్తింపు ట్యాగులు వేయాలి. ఏడాది వయసు దాటిన జింక ఏ కారణంతో చచ్చినా పరీక్షకు పంపాలి. అలా అయిదేళ్లపాటు రోగం జాడ లేకపోతే మందకు సర్టిఫికెట్ వస్తుంది. అది ఉంటేనే జింకల్ని పక్క రాష్ట్రానికి అమ్ముకోవచ్చు.

బాధ్యత పెరిగింది... డబ్బు తగ్గింది!

చిత్రం ఏమిటంటే, పథకం వచ్చిన ఏడాదే డబ్బు మాయమైంది. 2011 ఆర్థిక సంవత్సరంలో వ్యవసాయశాఖ ఈ రోగం మీద కోటిన్నర డాలర్లకు పైగా ఖర్చు పెట్టగలిగింది. 2012లో అది 20 లక్షల డాలర్ల లోపుకు పడిపోయింది. పొదుపు పేరుతో కాంగ్రెస్ కత్తెర వేసింది. పరీక్షల ఖర్చు రాష్ట్రాల మీద, పెంపకందారుల మీద పడింది. ‘నిధులుంటేనే పరిహారం’ అన్న షరతు ఎంత పెద్దదో అప్పుడు అర్థమైంది. డబ్బు లేనప్పుడు మిగిలే దారి ఒక్కటే. రోగమున్న మందను చంపకుండా, ఎక్కడికీ కదలనివ్వకుండా కంచెలోనే ఉంచేయడం. అలా ఉంచిన ప్రతి రోజూ నేలలో ప్రియాన్లు పేరుకుంటూనే ఉంటాయి. ఆల్మండ్‌లో జాప్యానికి కారణం వివాదం. ఇక్కడ డబ్బు లేకపోవడం. మట్టికి మాత్రం రెండూ ఒకటే!

ఖర్చు తగ్గిందనుకున్నది నిజానికి ఇంకో జేబులోకి మారింది. 2000 నుంచి 2021 వరకు కేంద్ర ప్రభుత్వ సంస్థలన్నీ కలిసి ఈ రోగం మీద 28 కోట్ల 41 లక్షల డాలర్లు పెట్టాయని 2022లో వచ్చిన ఓ అధ్యయనం లెక్కగట్టింది. 2020 ఒక్క ఏడాదిలోనే రాష్ట్రాల సహజ వనరుల శాఖలు కనీసం 2 కోట్ల 55 లక్షల డాలర్లు ఖర్చు పెట్టాయి. ఈ శాఖలకు ఆదాయం ఎక్కువగా వచ్చేది వేట లైసెన్సుల మీద, తుపాకులూ తూటాల మీద వేసే పన్ను మీద. అంటే, జింకల పెంపకంతో ఏ సంబంధమూ లేని మామూలు వేటగాడు కూడా ఈ బిల్లు కడుతున్నాడు.

కంచెకు ఇటూ అటూ

అందుకే వేటగాళ్లకూ పెంపకందారులకూ పడదు. ‘లారీల్లో జింకల్ని ఊళ్లు తిప్పి రోగాన్ని అంటించింది మీరే’ అంటారు వీళ్లు. ‘అడవి జింకలే మా కంచె దాకా తెచ్చాయి. మేం ప్రతి చావునూ పరీక్షిస్తున్నాం, అడవిలో ఎవరు పరీక్షిస్తున్నారు?’ అంటారు వాళ్లు. ఇద్దరి మాటలోనూ నిజముంది. అడవిలో రోగం జింక నడిచినంత దూరమే వెళ్తుంది. లారీలో, ఓడలో ఎంత దూరమైనా వెళ్తుంది. 2001లో దక్షిణ కొరియాలో బయటపడిన రోగం కెనడా నుంచి దిగుమతి చేసుకున్న ఎల్క్‌లతోనే వచ్చింది. మరోవైపు, నార్వేలో 2016లో అడవి రెయిన్‌డీర్‌కు వచ్చినప్పుడు దానికి పెంపకంతో సంబంధమే లేదు. సర్టిఫికెట్ ఉన్న మందల్లోనూ రోగం బయటపడిన సందర్భాలున్నాయి.

మిన్నెసోటాలోని బెల్ట్రామి కౌంటీలో 2021లో ఇంకో ఘోరం జరిగింది. రోగం బయటపడిన ఓ పెంపకం కేంద్రం నుంచి కళేబరాలను తీసుకెళ్లి దగ్గర్లోని ప్రభుత్వ అటవీ భూమిలో పడేసినట్టు తేలింది. ఆ జాగా చుట్టూ కూడా కంచె వేయక తప్పలేదు. అదీ జనం డబ్బుతోనే! 2023లో ఆ రాష్ట్రం తెల్లతోక జింకల పెంపకానికి కొత్త అనుమతులు ఆపేసింది.

ఏడు కోట్లు... ఎంత దూరం?

ఈ తగాదాల నడుమ రెండు పార్టీలూ ఒక్క మాట మీదకొచ్చాయి. విస్కాన్సిన్ డెమోక్రాట్ రాన్ కైండ్, పెన్సిల్వేనియా రిపబ్లికన్ గ్లెన్ థాంప్సన్ కలిసి 2021లో బిల్లు పెట్టారు. 2022 డిసెంబరులో అది చట్టమైంది. 2028 వరకు ఏటా 7 కోట్ల డాలర్ల దాకా ఖర్చు పెట్టొచ్చని అందులో రాశారు. సగం పరిశోధనకు, సగం రోగ నియంత్రణకు. అయితే ఖర్చు పెట్టొచ్చనడం వేరు, ఏటా బడ్జెట్‌లో డబ్బు చేతికివ్వడం వేరు. 2024లో వ్యవసాయశాఖ రాష్ట్రాలకూ ఆదివాసీ తెగల ప్రభుత్వాలకూ విశ్వవిద్యాలయాలకూ ఇస్తామని ప్రకటించింది కోటి డాలర్లకు కాస్త ఎక్కువే.

ఈలోగా రోగం ఆగలేదు. 2025 జనవరిలో జార్జియాలో బయటపడటంతో అది పాకిన రాష్ట్రాల సంఖ్య 36కు చేరింది. ఇప్పటిదాకా మనుషులకు సోకినట్టు రుజువు కాలేదు. అయినా రోగమున్న జంతువు మాంసం తినొద్దని ఆరోగ్య అధికారులు హెచ్చరిస్తూనే ఉన్నారు. పిచ్చి ఆవు వ్యాధి మనుషులకు రాదని బ్రిటన్‌లో ధీమాగా ఉన్నారు. 1996లో ఆ ధీమా చెదిరిపోయింది. ఆ సంగతి ఎవరూ మరచిపోలేదు.

పరిశోధనకు ఇచ్చిన డబ్బు ఊరికే పోవడం లేదు. బతికున్న జింక నుంచి చిన్న కణజాలం ముక్క తీసి రోగాన్ని పట్టే పద్ధతులు వచ్చాయి. ప్రియాన్ జన్యువులో ఒకచోట తేడా ఉన్న జింకలకు రోగం అంత తేలిగ్గా సోకదని తెలిసింది. అలాంటి వాటినే ఎంచి పెంచే ప్రయత్నాలు సాగుతున్నాయి. అవి ఫలించడానికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా మిగిలిన ఆయుధం మాత్రం పాతదే. మందలో ఒక జింక తల వాల్చిన రోజున యజమాని దాన్ని గుట్టుగా పాతేస్తాడా, పశువైద్యుడికి ఫోన్ చేస్తాడా? ఫోన్ చేస్తే నష్టం వస్తుందే తప్ప నిలువునా మునిగిపోనన్న నమ్మకం అతనికి ఉండాలి. ఆ నమ్మకానికయ్యే ఖర్చు జింకకు 3 వేల డాలర్లు. అది సమయానికి అందకపోతే కొనాల్సింది జింకల్ని కాదు, పొలాల్ని!