గాజు దాటని ఎండ

మొయినాబాద్ దగ్గర నా మిత్రుడి తోటలో ఒక గది ఉంది. ఒకప్పుడు అందులో మోటారు సామాను, ఎరువు బస్తాలు పెట్టుకునేవారు. ఇప్పుడు దక్షిణపు గోడ తీసేసి ఇనుప జాలీ బిగించారు. నేల నుంచి కప్పు దాకా రెండు చింత కొమ్మలు ఏటవాలుగా నిలబెట్టారు. పై కొమ్మను కావలించుకుని ముక్కు నుంచి తోక కొస దాకా ఐదడుగుల జంతువు పడుకుని ఉంది. ఆ పొడవులో మూడింట రెండు వంతులు తోకే. వీపు మీద దువ్వెన పళ్లలా ముళ్లు, గొంతు కింద ఎద్దు గంగడోలులా వేలాడే తోలు, చెవి కింద రూపాయి బిళ్లంత గుండ్రటి పొలుసు.

ఉడుమనుకుని రెండడుగులు వెనక్కి వేశాను. తోట చూసుకునే పెద్దమ్మ నవ్వింది. "ఉడుము గాదు బిడ్డా, గిది ఆకులే తింటది."

ఆమె చెప్పిందే అసలు తేడా. ఉడుము మన నేలది, మాంసం తింటుంది. వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉంది కాబట్టి పట్టడమూ, ఇంట్లో ఉంచుకోవడమూ నేరమే. ఈ పచ్చ ఇగ్వానా మెక్సికో నుంచి బ్రెజిల్ దాకా నదుల ఒడ్డున చెట్ల మీద బతికేది. పూర్తిగా శాకాహారి.

దీన్ని అమ్మేటప్పుడు జానెడు పిల్లను చూపిస్తారు. లేత చిలకపచ్చ రంగు, అరచేతిలో ఇమిడిపోతుంది. రెండడుగుల గాజు పెట్టె, ఒక బల్బు, ఒక ప్లాస్టిక్ కొమ్మ ఇచ్చి పంపుతారు. సరిగ్గా పెరిగితే మూడు నాలుగేళ్లకల్లా ఆ పెట్టెలో తోక కూడా పట్టదు. మగది ఐదారడుగులు సాగుతుంది. బాగా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. కాబట్టి దీనికి కావాల్సిన టెర్రేరియం, అంటే పెంచే పెట్టె, ఒక గదే. ఎత్తు ఆరడుగులకు తగ్గకూడదు, పొడవు ఎనిమిది అడుగులైనా ఉండాలి. చెట్టెక్కే ప్రాణికి నేల కన్నా ఎత్తు ముఖ్యం.

నా మిత్రుడు ఇదంతా రెండో ఇగ్వానాతో నేర్చుకున్నాడు. మొదటిది పట్నంలో ఫ్లాటులో ఉండేది. బాల్కనీ తలుపు అద్దం పక్కనే గాజు పెట్టె. పొద్దున్నే దాని మీద చక్కటి ఎండ పడేది. ఎండ తగులుతోంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాడు. ఏడాది తిరగకుండానే దాని తొడలు లావెక్కాయి. ఒళ్లు చేస్తోందని సంబరపడ్డాడు. తరువాత వేళ్లు వణకడం మొదలైంది. దవడ వాచి, పట్టుకుంటే రబ్బరులా మెత్తగా తగిలింది. ఎక్స్‌రే తీస్తే ఎముకలు నీడల్లా పలచగా కనిపించాయి. అది బతకలేదు.

లోపం తిండిలో కన్నా గాజులో ఎక్కువ ఉంది. ఎండలో మనకు కనిపించే వెలుతురూ, వేడీ కాక అతినీలలోహిత కిరణాలు కూడా ఉంటాయి. వాటిలో సుమారు 290 నుంచి 320 నానోమీటర్ల మధ్యవి యూవీబీ కిరణాలు. అవి చర్మానికి తగిలితేనే ఇగ్వానా ఒంట్లో డీ3 విటమిన్ తయారవుతుంది. ఆ విటమిన్ ఉంటేనే తిన్న ఆకులోని కాల్షియం పేగు నుంచి రక్తంలోకి వెళుతుంది. మామూలు అద్దం వెలుతురును వదిలి యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. అద్దం వెనక ఇగ్వానా వెచ్చగానే ఉంటుంది, ఎముకలకు మాత్రం ఆకలి తీరదు. రక్తానికి కాల్షియం కావాలి కాబట్టి శరీరం దాన్ని ఎముకల్లోంచే తోడుకుంటుంది. గుల్లబారిన ఎముక చుట్టూ నారలాంటి కణజాలం పేరుకుంటుంది. నా మిత్రుడు చూసి మురిసిపోయిన లావు అదే.

ఇంట్లో పెంచాలంటే యూవీబీ ట్యూబు తప్పనిసరి. దానికీ జంతువుకూ మధ్య గాజు అడ్డం ఉండకూడదు. ట్యూబు వెలుగుతూనే ఉంటుంది కానీ అందులో యూవీబీ నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. అందుకే బిగించిన తేదీ హోల్డరు మీద రాసిపెట్టి, ఆరు నెలల నుంచి ఏడాది లోపు మార్చాలి.

తోటలో ఆ బాధ చాలావరకు లేదు. జాలీలోంచి అసలైన ఎండే వస్తుంది. మొయినాబాద్, దాని దగ్గర్లోని చేవెళ్ల ఉన్నది 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. ఇగ్వానా సొంత నేల గ్వాటెమాలా ఉత్తరపు కొస కూడా ఇంచుమించు అదే గీత మీద ఉంది. ఎండ ఒకటే, గాలే వేరు. అక్కడి నదీతీరాల గాలి తేమగా ఉంటుంది. మన దక్కన్ పీఠభూమి మీద మే నెలలో ఎండ నలభై దాటి పెదవులు పగులుతాయి. తేమ చాలక ఒంట్లో నీళ్లు తగ్గితే ఇగ్వానాకు మూత్రపిండాలు దెబ్బతింటాయి. పెద్దమ్మ దీనికి చేసే ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది. పొద్దునా మధ్యాహ్నమూ గోనె సంచులు తడిపి జాలీకి సగం మేర వేలాడదీస్తుంది. ఆ సగంలో నీడ, చల్లదనం, తేమ. మిగతా సగం ఎండకు వదిలేస్తుంది. ఎటు ఉండాలో జంతువే తేల్చుకుంటుంది. సరీసృపానికి ఇవ్వాల్సింది ఈ ఎంపికే. ఎండ కాచుకునే చోట 35 నుంచి 38 డిగ్రీలు, నీడలో 27 ఉంటే చాలు.

చలికాలం ఇంకా కష్టం. డిసెంబరు, జనవరిల్లో ఈ వైపు రాత్రి ఉష్ణోగ్రత కొన్నిసార్లు పది డిగ్రీల లోపుకు పడిపోతుంది. ఇగ్వానాకు రాత్రి ఇరవై పైన ఉండాలి. 2020 జనవరిలో అమెరికాలోని మయామీ వాతావరణ కార్యాలయం, చలికి కొయ్యబారి చెట్ల మీంచి ఇగ్వానాలు రాలిపడవచ్చని జనాన్ని హెచ్చరించింది. తోటలో దీపావళి వెళ్లగానే రాత్రిపూట జాలీకి రెండు పొరల టార్పాలిన్ దించుతారు. లోపల వెలుతురు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సెరామిక్ హీటర్, దానికి థర్మోస్టాట్. కరెంటు పోయిన రాత్రి సీసాల్లో వేణ్నీళ్లు నింపి గోనెలో చుట్టి పెడతారు.

వెచ్చదనం కావాల్సింది సుఖానికే కాదు, ఆకు అరగడానికి. ఇగ్వానా ఆకును నమలదు, తుంచి మింగుతుంది. పెద్దపేగులో ఉండే సూక్ష్మజీవులు ఆ పీచును పులియబెట్టి శక్తిగా మారుస్తాయి. అడవిలో గుడ్డులోంచి వచ్చిన పిల్లలు పెద్దవాటి రెట్ట తిని ఆ సూక్ష్మజీవులను సంపాదించుకుంటాయి. ఒళ్లు చల్లబడితే పులియడం ఆగిపోతుంది.

ఏ ఆకు పెట్టాలన్న విషయంలో మనవాళ్లు తరచూ పొరపడతారు. మెత్తగా ఉందని పాలకూర, చుక్కకూర, గోంగూర వేస్తారు. వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసి ఒంటికి అందనివ్వవు. మునగాకు, మల్బరీ ఆకు, మందారం ఆకులూ పువ్వులూ, తరిగిన గుమ్మడికాయ మేలు. మాంసం, గుడ్డు, కుక్క బిస్కెట్టు వద్దు. చేవెళ్ల చుట్టూ కూరగాయలకూ పూలకూ కొదవ లేదు. కానీ పాలీహౌసుల్లో పెరిగే గులాబీలకు, జెర్బెరాలకు మందులు కొడతారు. ఆ పూరేకులు దీని నోటికి వెళ్లకూడదు. అందుకే కంచె వెంట మునగ, మందారం సొంతంగా నాటుకున్నారు.

పెద్దమ్మ ఆకుల పళ్లెం ఎప్పుడూ పక్క నుంచి, కింది నుంచి అందిస్తుంది. పై నుంచి చెయ్యి వస్తే అది బెదిరి తోక ఝాడిస్తుంది. కారణం దాని నడినెత్తిన ఉంది. పలచటి పొర కింద మెంతిగింజంత కన్ను. అది బొమ్మ చూడలేదు, వెలుగు నీడల మార్పును పసిగడుతుంది. పై నుంచి నీడ పడిందంటే దానికి గద్ద వచ్చినట్టే. అప్పుడప్పుడు తుమ్ముతుంది కూడా. ఎగిరిన తుంపర ఆరితే తెల్లటి ఉప్పు మిగులుతుంది. ఒంట్లో ఎక్కువైన ఉప్పును ముక్కులోని గ్రంథుల ద్వారా బయటికి పంపేస్తుందన్నమాట. జలుబని కంగారు పడక్కర్లేదు. ముట్టుకున్నాక మాత్రం సబ్బుతో చేతులు కడుక్కోవాలి, సాల్మొనెల్లా అంటవచ్చు.

ఇక చట్టం సంగతి. ఇగ్వానా అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందమైన సైటీస్ రెండో అనుబంధంలో ఉంది. 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి ఇలాంటి జీవులను నాలుగో షెడ్యూలులో చేర్చింది. 2024 ఫిబ్రవరి 28 నాటి నిబంధనల ప్రకారం దగ్గరున్న జంతువును పరివేశ్ పోర్టల్లో నమోదు చేయాలి. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా తెలపాలి. కాగితం లేకుండా అమ్మేవాడి దగ్గర కొనవద్దు.

పెంచలేక విసిగినవాళ్లు, ఇక్కడ చెట్లకేం తక్కువ, చేవెళ్ల దారి మర్రి మీదో గండిపేట చెరువు ఒడ్డునో వదిలేద్దామనుకుంటారు. నాకు అన్నిటికన్నా భయం ఇదే. ఆడది ఒక్కో ఈతకు ముప్పై, నలభై గుడ్లు పెడుతుంది. గుడ్ల కోసం మట్టిలో పొడవాటి బొరియలు తవ్వుతుంది. ఫ్లోరిడాలో వదిలేసిన పెంపుడు ఇగ్వానాల సంతతి కాలువ గట్లను గుల్ల చేసింది. మన చెరువు కట్టలూ మట్టివే.

నేను బయల్దేరేసరికి పొద్దు వాలుతోంది. కొమ్మ మీద ఎండ తప్పుకున్నకొద్దీ ఇగ్వానా జానెడు జానెడు పైకి జరిగి, ఆఖరి వెలుగు పట్టె మీద ఒళ్లు బల్లపరుపుగా పరుచుకుంది. పెద్దమ్మ అది తినకుండా మిగిల్చిన మునగ ఈనెలు ఏరి, టార్పాలిన్ తాళ్లు విప్పడం మొదలుపెట్టింది.