ఉగాది నుండి మృగశిర వరకు పెరటితోట

ఉగాది పచ్చడికి వేపపూత, లేత మామిడికాయ, గుమ్మానికి మామిడాకుల తోరణం సొంత పెరటిలోనే లభించే ఇల్లు భాగ్యవంతమైన ఇల్లు. తూర్పు కనుమల పాదసీమలో, చింతపల్లి మన్యానికి వాకిలిగా నిలిచిన నర్సీపట్నం ప్రాంతంలో అటువంటి పెరళ్లు నేటికీ ఉన్నాయి. అయితే ఉగాదినాడు నిండుగా కనిపించిన పెరడు మృగశిర కార్తె నాటికి గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఆ మార్పును నష్టంగా భావించి, ఉన్న నీటినంతా ముగిసిపోతున్న పాదులకు పోసి, నిలుపుకోవలసిన చెట్లను పోగొట్టుకొనేవారు ఎందరో ఉన్నారు. వేసవి దేనిని తీసుకొనిపోతుందో, దేనిని ఇచ్చిపోతుందో తెలిసినవారికి ఆ పొరపాటు జరగదు.

చైత్రంలో మొదట సెలవు తీసుకొనేవి శీతకాలపు కూరలు. చిక్కుడు పందిరి వాడిపోతుంది. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే టమాటా పూత నిలవక రాలిపోతుంది. ఎంత నీరు పోసినా ఫలితముండదు. ఆనప, బీర పాదులపై ఒక్కొక్క మంచి కాయను కోయక ముదరనిచ్చి, ఎండిన పిదప గింజలు తీసి బూడిద కలిపి భద్రపరచుట మన పెద్దల ఆచారం. బెండ, గోంగూర, తోటకూర మాత్రం కొద్దిపాటి తడితో వేసవిని తట్టుకొంటాయి.

వైశాఖంలో నుయ్యి అడుగంటినప్పుడు నీటిని ఎవరికి ముందు ఇవ్వాలన్నదే అసలు ప్రశ్న. మూడేళ్లు నిండని మొక్కలది మొదటి హక్కు; వాటి వేళ్లు ఇంకా లోతునకు దిగియుండవు. పిదప కాపు మీదనున్న చెట్లు, ఆ తరువాతనే ఆకుకూరలు. పెద్ద చెట్టునకు నీరు మొదలు వద్ద కాక, కొమ్మల నీడ అంచున పళ్లెంగా తవ్విన పాదులో పోయాలి. నీటిని పీల్చే సన్నని వేళ్లు అక్కడనే అధికం. ఉదయమో సాయంకాలమో తడిపి, పైన ఎండుటాకులు పరచినచో తేమ నిలుస్తుంది. కనుక ఊడ్చిన ఆకులను తగులబెట్టరాదు.

మామిడి పిందెలు రాలుట చూచి దిగులు చెందనక్కరలేదు. చెట్టు తాను మోయగలిగినంతనే నిలుపుకొంటుంది. ఈదురుగాలికి రాలిన కాయలు పప్పులోనికి, ఒరుగులకు వస్తాయి. ఉత్తరాంధ్రకు ప్రీతిపాత్రమైన సువర్ణరేఖ ముందుగా పండుతుంది. లేత పనస పొట్టుకూరకు, ముదిరిన పనస తొనలకు పనికివస్తాయి. మామిడికాయను ముచ్చికతో కోసి, సొన కారనిచ్చి, గడ్డిలో మగ్గవేయాలి. కార్బైడుతో మగ్గించుట చట్టరీత్యా నిషిద్ధం. అట్టి పండు ఆరోగ్యానికి హాని, నైవేద్యానికి అనర్హం.

మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె ప్రవేశిస్తుంది. అప్పటికి మళ్లు ఖాళీగా ఉంటాయి. ఇది తోట విశ్రాంతి కాలమే గాని వ్యర్థకాలం కాదు. నేలను లోతుగా తవ్వి ఎండకు విడిచినచో, మట్టిలో దాగిన పురుగుల కోశాలు, కలుపు వేళ్లు నశిస్తాయి. కొత్త మొక్కలకు గుంతలు ఇప్పుడే తీసి ఎండనిచ్చి, వానలకు ముందు పైమట్టి, చివికిన పశువుల ఎరువు కలిపి నింపాలి. జూన్ 8 ప్రాంతంలో మృగశిర ప్రవేశించి తొలకరి పడగానే, దాచిన ఆనప, బీర గింజలు తిరిగి నేలను చేరుతాయి.

ఆకు, పువ్వు, పండు, నీరు — భక్తితో అర్పించిన ఈ నాలుగింటిని స్వీకరింతునని భగవద్గీత తొమ్మిదవ అధ్యాయంలో శ్రీకృష్ణ పరమాత్మ తెలియజేసియున్నాడు. పెరటిచెట్టు మొదటి మూడింటిని మనకిస్తుంది. నాలుగవదానిని వేసవిలో మనమే దానికియ్యాలి. భక్తులు ఈ వేసవిలో ఇంట ఒక్క లేతమొక్కనైనా తొలకరి వరకు కాపాడినచో, కొన్నేండ్లకు దాని తొలి ఫలాన్ని స్వామి సన్నిధికి తీసుకొనివచ్చే భాగ్యం కలుగుతుంది.